హెర్బీనా, బీన్ యానిమలా? సంప్ (అక్వేరియం కింద పెట్టే ఫిల్టర్ ట్యాంక్) ఉన్న చేపల ట్యాంక్‌కి ఏ డ్రెయిన్ బెటర్

ట్యాంక్ నీళ్లు సంప్‌లోకి దించే డ్రెయిన్ పైప్ గుడగుడలాడేది నీళ్లతో పాటు గాలి కూడా దిగడం వల్లే, అందుకే హెర్బీ, బీన్ యానిమల్ అనే ఈ రెండు డ్రెయిన్ డిజైన్లలోనూ మెయిన్ పైప్ నిండా నీళ్లే ఉండేలా ఫుల్ సైఫన్‌లో నడుపుతారు, ఫ్లో సెట్ చేయడానికి గేట్ వాల్వ్ పెడతారు (బాల్ వాల్వ్ వద్దు, కొంచెం తిప్పితే చాలు ఫ్లో మొత్తం మారిపోద్ది).

హెర్బీకి రెండే పైపులు, సైఫన్ ఒకటి, అది జామ్ అయితే ఆదుకునే ఎమర్జెన్సీ ఒకటి. ఖర్చు తక్కువ, చిన్న ట్యాంక్‌కి హాయి. కానీ సంప్ నుంచి నీళ్లు పైకి పంపే పంప్ ఫ్లో కాస్త తగ్గినా, పైప్‌లో నాచు పట్టినా ఓవర్‌ఫ్లో బాక్స్‌లో (ట్యాంక్ నుంచి పొర్లిన నీళ్లు పడే, ఈ పైపులు ఉండే పెట్టె) లెవెల్ మారిపోద్ది, మళ్లీ వాల్వ్ దగ్గర కూర్చోవాలి.

బీన్ యానిమల్‌లో ఓపెన్ చానెల్ అని మూడో పైప్ ఉంటది, సైఫన్‌కి మిగిలిన కొద్దిపాటి నీళ్లు దాంట్లోంచి సన్నగా జారిపోతాయి, లెవెల్ దానంతటదే సర్దుకుంటది. సైఫన్ పైప్‌లో నత్త ఇరుక్కుందనుకోండి, నీళ్లు పెరిగి ఓపెన్ చానెల్‌కి గాలి అందించే ఎయిర్ ట్యూబ్ మూతి మునుగుద్ది, గాలి ఆగిపోయి అది కూడా సైఫన్ అయిపోద్ది, అదీ జామ్ అయితే ఎమర్జెన్సీ ఎలాగూ ఉంది. ఈ ఐడియా నాకు భలే నచ్చుద్ది, గ్లాస్‌కి 3 హోల్స్ కొట్టే జాగా ఉంటే ఇదే పెట్టండి.

ఏది పెట్టినా సైఫన్ పైప్ చివర సంప్ నీళ్లలో అంగుళం కంటే ఎక్కువ ముంచొద్దు, ముంచితే కరెంట్ పోయి వచ్చాక పైప్‌లో గాలి బయటికి పోలేక సైఫన్ లేట్‌గా పట్టుకుంటది.