పద్నాలుగు ముక్కలు, పదమూడు అతుకులు: నాలుగేళ్ల వాడకం తర్వాత ఒక స్ట్రీమింగ్ యాప్ గురించి

పాటల లెక్క, నెల చందా, ఆడియో నాణ్యత అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నాలుగేళ్లుగా ఈ యాప్‌ని నేను వాడుతున్నది దాదాపు ఒకే పనికి: 20వ శతాబ్దం రెండో సగం నుంచి ఇప్పటిదాకా వచ్చిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినడానికి. యాప్ పేరు రాయడం లేదు. కింద చెప్పబోయే జబ్బు ఇంకో రెండు యాప్‌లలోనూ కనిపించింది, ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు.

మంచి ముందు చెప్పాలి. ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చే చుట్టాలకు చీటీ రాసిస్తే తప్ప దొరకని రికార్డింగులు ఇప్పుడు ఫోన్ తెరిస్తే ఉన్నాయి. ఆర్వో పార్ట్, సోఫియా గుబైదూలినా, కయ్యా సారియాహో, జాన్ లూథర్ ఆడమ్స్, ఎవరి పేరు కొట్టినా స్వరకర్త పేజీ ఒకటి తెరుచుకుంటుంది. ఒకే రచనకు నాలుగైదు వాయింపులు పక్కపక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు.

కానీ ట్రాకుకీ ట్రాకుకీ మధ్య ఇది వదిలే ఖాళీని మాత్రం నాలుగేళ్లయినా క్షమించలేకపోతున్నాను.

అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ రాసిన 'మ్యూజిక్ ఫర్ ఎయిటీన్ మ్యుజీషియన్స్' తీసుకోండి. 1976లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో మొదటిసారి వాయించారు. మొదలైన దగ్గర్నుంచి ఆఖరిదాకా పియానోలు, మరింబాల (చెక్క పలకల వాయిద్యాలు) లయ ఒక్క క్షణం తెగదు. ముందు పదకొండు కార్డులు (కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వరసగా వినిపిస్తాయి, తర్వాత ఒక్కో కార్డు మీద ఒక్కో భాగం లేస్తుంది, చివర్లో మళ్లీ ఆ పదకొండూ వస్తాయి. క్లారినెట్లు, గొంతులు ఒక ఊపిరి నిలిచినంతసేపు స్వరాన్ని పెంచి తగ్గిస్తుంటే, కింద లయ మృదంగం మీద సర్వలఘువు (ఆగని సమాన నడక) నడిచినట్టు నడుస్తూనే ఉంటుంది. కండక్టర్ ఉండడు, భాగం మారాలంటే వైబ్రాఫోన్ (లోహపు పలకల వాయిద్యం) సైగ ఇస్తుంది. 1998లో నాన్‌సచ్ లేబుల్ విడుదల చేసిన రికార్డింగులో ఈ రచన 67 నిమిషాలు, 14 ట్రాకులు. అంటే 13 అతుకులు. వాయించేవాళ్లు అతుకు కనపడకుండా ఎంతో జాగ్రత్తగా కుట్టిన చోటే యాప్ కత్తెర వేస్తుంది.

ఖాళీ చాలా చిన్నది, రెప్పపాటు. సినిమా పాటల ఆల్బంలో అయితే ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం తాళం వేస్తున్న చెయ్యి గాల్లో ఆగిపోయినట్టుంటుంది. అసలు బాధ ఇంకోటి. త్యాగరాజ కృతి మధ్యలో ఒక్క క్షణం శబ్దం ఆగితే తప్పు ఫోనుదని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కొత్త సంగీతం మొదటిసారి వినేవాళ్లకు అలా తెలిసే దారి లేదు. 'ఆధునికం కదా, అలాగే రాసి ఉంటాడు' అనుకుంటారు. యాప్ చేసిన పాపం స్వరకర్త ఖాతాలో పడుతుంది.

క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు తగ్గుతుండగానే తర్వాతిది మొదలయ్యే సౌకర్యం) ఆన్‌లో ఉంటే మరీ ఘోరం. ఐదారు సెకన్ల పాటు రెండు భాగాల లయలు ఒకదాని మీద ఒకటి పడి జారిపోతుంటాయి. రైష్ నిజంగానే అలాంటివి రాశాడు: 1967 నాటి 'పియానో ఫేజ్'లో ఇద్దరు ఒకే చిన్న స్వరగుచ్ఛం వాయిస్తూ, ఒకరు మెల్లమెల్లగా ముందుకు జరుగుతారు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ అతుకు దగ్గర ఇంకా సులువుగా మోసపోతారు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడం కష్టమేం కాదు. సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి, 'గ్యాప్‌లెస్' అని ఉంటే ఆన్ చేయండి. ఆల్బం మొత్తం డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో మొదటి ట్రాకు చివరి 20 సెకన్ల నుంచి రెండోదాంట్లోకి వినండి. ఖాళీ మాయమైతే తప్పు నెట్‌వర్క్‌ది. తర్వాతి ట్రాకును యాప్ ముందుగా తెచ్చిపెట్టుకోలేదన్నమాట. ఇలా బాగుండి, వైఫై స్పీకరుకు పంపినప్పుడే తెగుతుంటే ట్రాకులను ఆ స్పీకరే ఒక్కొక్కటిగా నెట్ నుంచి తెచ్చుకుంటూ ఉండొచ్చు, అలాంటప్పుడు ఫోన్‌లో ఏం మార్చినా ఉపయోగం ఉండదు. డౌన్‌లోడ్ చేశాక కూడా అతుకు అతుకుకీ ఖాళీ వస్తుంటే అనుమానించాల్సింది ఫైలుని. ఎంపీ3 ధ్వనిని 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున ముక్కలు చేస్తుంది, సీడీ లెక్కలో ఒక్కో ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. ఆఖరి ముక్క నిండకపోతే మిగతాది నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుస్తుంది. ఎంత నింపిందో ఫైలులో రాసి ఉండి, ప్లేయర్ అది చదివి కత్తిరిస్తే ఏమీ వినపడదు. చదవకపోతే 13 కుదుపులు. సొంత సీడీని ఎంపీ3గా మార్చుకున్నవాళ్లకూ ఇదే తంటా. ధ్వనిలో ఏదీ పోగొట్టని ఫ్లాక్ రకం ఫైలులోకి మార్చుకుంటే ఈ నింపుడు ఉండదు.

ఇన్ని తిప్పలూ వద్దనుకుంటే ఒక దగ్గరి దారి ఉంది. అదే రచనకు 1978లో ఈసీఎం లేబుల్ విడుదల చేసిన మొదటి రికార్డింగు 56 నిమిషాలు, ఒకే ట్రాకు. అతుకే లేనప్పుడు తెగే ప్రశ్నే లేదు. 1998 దానిలో వాయిద్యాలు ఇంకా విడివిడిగా, తేటగా వినిపిస్తాయి, ఆ మాట నిజం. నడకలో పట్టు మాత్రం పాతదానిదే అంటాను.

శబ్ద స్థాయిని యాప్ తనంతట తాను సరిచేయడం రెండో బెడద. ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ రాసిన 'తురంగలీల' సింఫనీకి పది భాగాలు. మనకు ఇది మరీ పరాయిది కాదు: శార్ఙ్గదేవుడి 'సంగీతరత్నాకరం'లోని 120 దేశీ తాళాలను మెస్సియాన్ శ్రద్ధగా చదివి తన లయల్లో వాడుకున్నాడు, పేరు కూడా సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే. ఐదో భాగం ఆర్కెస్ట్రా మొత్తం ఉరిమే ఉత్సవం, ఆరోది ప్రేమికుల నిద్ర, పియానో మీద పక్షుల పాటలు. ప్లేలిస్టులో పెడితే యాప్ ఒక్కో ట్రాకును విడిగా కొలిచి, ఆరోదాన్ని ఐదోదాని ఎత్తుకు లేపబోతుంది. ప్లేలిస్టులోంచి కాక ఆల్బం పేజీలోంచే వాయించాలి. అయినా తేడా కనిపిస్తే ఆ సౌకర్యాన్నే ఆపేయడం మేలు. ఆపేశాక ఆడమ్స్ 'బికమ్ ఓషన్' పెడితే మొదట్లో దాదాపు ఏమీ వినిపించదు. వాల్యూం పెంచకండి. సుమారు 42 నిమిషాల ఆ రచనలో మూడుసార్లు పెద్ద కెరటం లేస్తుంది, ముందే పెంచుకున్నవాళ్ల చెవులకు అప్పుడు దెబ్బ తగులుతుంది. డేటా పొదుపు కూడా ఆపాలి. కేరొలైన్ షా 'పార్టీటా ఫర్ ఎయిట్ వాయిసెస్'లో (2013లో పులిట్జర్ బహుమతి వచ్చింది) గుసగుసలు, నిట్టూర్పులు, మాటలు అన్నీ సంగీతంలో భాగమే. తక్కువ బిట్‌రేటులో అవన్నీ బురద కలిసినట్టు అవుతాయి.

నిశ్శబ్దం సంగతీ ఇంతే. పార్ట్ 1977లో రాసిన 'తబులా రాసా' రెండో భాగం పేరే 'సిలెంటియం'. చివర్లో స్వరాలు మెట్లు దిగుతూ దిగుతూ డబుల్ బాస్ దగ్గర ఆగిపోతాయి, ఆఖరి మెట్టు రాదు. ఆ తర్వాతి నిశ్శబ్దం కూడా స్కోరులో (స్వరకర్త కాగితం మీద పెట్టిన స్వరలిపిలో) రాసిందే. ఆటోప్లే ఆన్‌లో ఉంటే అందులోకి ఎవరిదో పియానో చొరబడుతుంది. గెరార్ గ్రిజే 'పార్సియెల్' (1975) చివర దీనికి తలకిందులు: వాయించేవాళ్లు కాగితాలు, వాయిద్యాలు సర్దుకునే చప్పుళ్లు వినిపిస్తాయి. రికార్డింగు లోపం కాదు, అదీ రచనలో భాగమే. ఆ రచన మొదలు మాత్రం మన చెవికి ఇట్టే పట్టుబడుతుంది. ట్రాంబోన్ లోతైన ఒక్క స్వరంలో దాగిన అనుస్వరాలను (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలను) విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో వాయిద్యానికి పంచాడు. తంబురలో మంద్ర షడ్జం తీగ మీటితే అంతర గాంధారం దానంతటదే వినపడుతుందే, ఆ విద్యే ఇది. ఫోన్ స్పీకర్లో ఆ కింది స్వరం సరిగా రాదు కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

పైన మెచ్చుకున్న స్వరకర్త పేజీ గురించి కొంచెం సర్దుకోవాలి. ఎక్కువమంది విన్నదాన్నే అది పైకి తెస్తుంది. పార్ట్ పేజీలో ముందు వరసంతా 'స్పీగెల్ ఇమ్ స్పీగెల్' వాయింపులే. 'ఇలాంటివి మరికొన్ని' నొక్కితే మూడో నాలుగో ట్రాకుకల్లా నిద్ర పట్టించే పియానోలోకి జారిపోతాం. సంవత్సరం ప్రకారం వరస పెడితే వచ్చేది రచన సంవత్సరం కాదు, ఆల్బం విడుదలైన సంవత్సరం. రష్యన్ పేర్ల స్పెల్లింగు ఒక్కో లేబుల్‌కి ఒక్కో రకం; గుబైదూలినాని రెండు మూడు విధాలుగా కొడితేగానీ అన్నీ బయటికి రావు.

కొత్త స్వరకర్తలు కావాలంటే వాయించేవాళ్ల పేరు మీద వెతకడమే నాకు ఫలించింది. నలుగురు తీగ వాయిద్యాలవాళ్ల బృందం క్రోనోస్ క్వార్టెట్ 1973 నుంచి ఉంది, వెయ్యికి పైగా కొత్త రచనలు చేయించుకుంది. 'ఫిఫ్టీ ఫర్ ద ఫ్యూచర్' పేరుతో 25 మంది మహిళలు, 25 మంది పురుషుల చేత రాయించిన రచనలకు స్కోర్లు, ఒక్కో వాయిద్యం కాగితాలు, రికార్డింగులు ఆ బృందం ఉచితంగా నెట్‌లో పెట్టింది. జాకిర్ హుస్సేన్ రాసినదీ అందులో ఉంది. యాప్‌ది కాకపోయినా ఈ నాలుగేళ్లలో నన్ను అన్నిటికన్నా సంతోషపెట్టింది ఇదే. స్కోరు ముందుంటే విరామం ఎవరిదో వెంటనే తేలిపోతుంది: కాగితం మీద ఉంటే స్వరకర్తది, లేకపోతే ఫోనుది.

బొత్తిగా కొత్తవాళ్లకు ముందు రైష్ 1972 నాటి 'క్లాపింగ్ మ్యూజిక్' ఇస్తాను. కొద్ది నిమిషాలు, ఒకే ట్రాకు, ఇద్దరి చప్పట్లే. నడక 12 అక్షరాలు: మూడు చప్పట్లు, ఒక ఖాళీ, రెండు, ఖాళీ, ఒకటి, ఖాళీ, రెండు, ఖాళీ. ఒకరు దాన్ని కదలకుండా పట్టుకుంటారు, రెండోవాళ్లు కొన్ని ఆవృత్తులకోసారి ఒక్క అక్షరం జరుపుతారు. 12 సార్లు జరిగాక ఇద్దరూ మళ్లీ కలుస్తారు. రూపక తాళం రెండు ఆవర్తనాలు వేస్తే 12 అక్షరాలకు సరిపోతుంది. చేత్తో వేస్తూ వినండి.

ఈ ఏడాది చందా మళ్లీ కట్టాను. రాత్రిపూట వైరు హెడ్‌ఫోన్స్‌తో, డౌన్‌లోడ్ చేసుకుని, ఒక ఆల్బం మొదటి నుంచి చివరిదాకా వినడం నా పద్ధతి కాబట్టి నాకు సరిపోతోంది. ఇంట్లో వైఫై స్పీకర్లో అందరూ కలిసి వినేవాళ్లయితే, ముఖ్యంగా అతుకులున్న రచనలకు, సీడీనో ఫ్లాక్ ఫైళ్లనో నమ్ముకోమంటాను. ఇంకొక్క జాగ్రత్త: యాప్ అప్‌డేట్ అయ్యాక నా ఫోన్‌లో క్రాస్‌ఫేడ్ రెండుసార్లు దానంతటదే ఆన్ అయింది. అప్‌డేట్ రాగానే ఆ 1998 రికార్డింగు మొదటి అతుకు ఒకసారి విని చూసుకోండి.