యార్క్‌లో క్లిఫర్డ్స్ టవర్: మిన్‌స్టర్ కన్నా ముందు ఇది చూడండి

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు యార్క్ వెళ్తే మిన్‌స్టర్ (అక్కడి పెద్ద చర్చి) చూస్తారు, షాంబుల్స్ వీధిలో ఫొటోలు దిగుతారు, టైమ్ మిగిలితే దిబ్బ మీదున్న పాత కోట బురుజు, క్లిఫర్డ్స్ టవర్ ఎక్కుతారు. నేనైతే టవరే ముందు చూడమంటాను, వీలైతే మార్చిలో. అప్పుడు ఆ దిబ్బ మీద పసుపు రంగు డాఫడిల్స్ పూస్తాయి. ఆరు రేకుల పువ్వు, యూదుల చిహ్నమైన దావీదు నక్షత్రానికి ఉన్నవీ ఆరు కోణాలే. ఇక్కడ చనిపోయిన యూదుల గుర్తుగా నాటారు.

మెట్లెక్కే తొందరలో కింద ఉన్న ఫలకాన్ని దాటిపోకండి. 1978లో పెట్టారు. 1190 మార్చి 16, శుక్రవారం రాత్రి, అల్లరి మూకకు భయపడి రాజుగారి కోటలోకి వచ్చిన దాదాపు 150 మంది యూదులు తమ విశ్వాసం వదులుకోవడం కన్నా ఒకరి చేతుల్లో ఒకరు చావడమే మేలనుకున్నారని దాని మీద ఉంది. ఆ ఏడాది ఆ శుక్రవారం ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి సరిగ్గా రెండు రోజుల ముందు. అంటే శ్రమల కాలం, పాపాలు ఒప్పుకుని ఉపవాసాలుండే రోజులు. ఆ రోజుల్లోనే ఇది జరిగింది.

నేను గుంటూరు వైపు చర్చిలో పెరిగాను. ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఏసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటలు విన్నాను. "యూదులు ఏసయ్యను చంపారు" అని ఎంత మామూలుగా అనేవాళ్లమో! తీర్పు చెప్పింది రోమా అధిపతి పిలాతు, సిలువ వేసింది రోమా సైనికులు, ఏసయ్యా యూదుడే, మరియమ్మా యూదురాలే. ఇవన్నీ తెలిసి కూడా అనేసేవాళ్లం. ఆ ఫలకం ముందు నిలబడితే ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇదంతా అప్పుల గొడవేగాని మతం కాదని కొందరంటారు. అప్పులున్న మాట నిజమే. మూకను రెచ్చగొట్టిన రిచర్డ్ మాలెబిస్ లాంటివాళ్లు యూదులకు బాకీ ఉన్నారు, చంపడం అయ్యాక మిన్‌స్టర్‌కి వెళ్లి అక్కడ దాచిన అప్పు పత్రాలు తగలబెట్టారు. కానీ అప్పుడు యెరూషలేము కోసం క్రైస్తవులు చేసే సిలువ యుద్ధం వేడి దేశమంతా ఉంది, కోట బయట తెల్లని బట్టల్లో ఒక సన్యాసి నిలబడి జనాన్ని ఎగదోశాడు. బాప్తిస్మం తీసుకుంటాం, చంపొద్దు అని వేడుకుని పొద్దున్నే బయటికొచ్చిన మిగిలినవాళ్లను కూడా నరికేశారు. ఇది రాసిపెట్టింది యూదులు కాదు, న్యూబర్గ్ విలియం అనే క్రైస్తవ మఠవాసి. యూదులను చంపకూడదని పోపులు ఆజ్ఞలు ఇచ్చి ఉన్నా వినేవాడు లేడు. జరిమానాలు పడ్డాయిగానీ ఈ హత్యలకు ఒక్కరికీ మరణశిక్ష పడలేదని విలియమే రాశాడు. లోపల చనిపోయినవాళ్లలో రబ్బీ (యూదుల మతగురువు) యోమ్ తోవ్ ఉన్నాడు, ఆయన రాసిన క్షమాపణ కీర్తనను యూదులు ఇప్పటికీ ప్రాయశ్చిత్తార్థ దినపు రాత్రి పాడుకుంటారు. దాని గురించి తెలిసినప్పటి నుంచి నా మనసులోంచి పోవడం లేదు.

వందేళ్లకు, 1290లో, యూదులందరినీ ఇంగ్లండ్ నుంచే వెళ్లగొట్టారు. ఆ తరిమివేతకు దారి వేసిన 1222 ఆక్స్‌ఫర్డ్ సినడ్ (చర్చి పెద్దల సభ) చట్టాలకు ఇంగ్లండ్ చర్చి క్షమాపణ అడిగింది 2022లో.

ఇక టవర్ సంగతి. ఆనాటి చెక్క టవర్ ఆ రాత్రే కాలిపోయింది, ఇప్పుడున్న రాతిది 13వ శతాబ్దంలో కట్టింది. 2022లో బాగుచేసి తెరిచారు, లోపల కొత్త చెక్క మెట్లు, వేలాడే నడకదారులు, పైన డెక్ చాలా బాగున్నాయి. ఈ టవర్‌ను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ మెంబర్లకు టికెట్ అక్కర్లేదు. గంట చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లు కష్టం, వీల్‌చైర్‌తో పైకి వెళ్లలేరు, కానీ ఫలకం కిందే ఉంది కాబట్టి అమ్మానాన్నలను అక్కడిదాకానైనా తీసుకెళ్లండి. నా వరకు 5కి 5.

డెక్ మీద నుంచి మిన్‌స్టర్ గోపురాలు కనిపిస్తాయి. ఆ పత్రాలు కాలింది అక్కడే. కాసేపు చూసి, దిగి, అప్పుడు అక్కడికి నడవండి.