చాక్ మరకలు తీసే నురుగు డబ్బా అంటూ వస్తే టేబుల్ దగ్గరికి రానివ్వకండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు స్నూకర్ హాలు నడుపుకునే తెలుగువాళ్లకు, క్లబ్బుల్లో టేబుల్ బాధ్యత చూసేవాళ్లకు ఈ హెచ్చరిక. ఆటకర్ర (క్యూ) కొనకు రాసే చాక్ పొడి రాలి టేబుల్ క్లాత్ మీద పడే మరకలు ఒక్క తుడుపుతో పోతాయంటూ ఒక నురుగు డబ్బాను, దానితోపాటు ఏడాది పాటు శుభ్రం చేసిపెట్టే ఒప్పందాన్ని అమ్ముకుంటూ ఒక మనిషి ఈ దారిలో తిరుగుతున్నాడు. బరంపురంలోని మా హాలులో రెండు టేబుళ్లున్నాయి. ఒకదాని క్లాత్ ఆ డబ్బాకు బలైపోయింది. అమ్మినవారి పేరు రాయడం లేదు. రేపు ఇంకో స్టిక్కర్ అంటించుకుని రాగలిగినవాళ్ల పేరు తెలిసి లాభమేమీ లేదు. సరుకునూ, మాట తీరునూ గుర్తుపట్టండి.

వచ్చినవాడు చక్కటి తెలుగు మాట్లాడాడు. "మాది ఇచ్ఛాపురమే గురువుగారూ" అన్నాడు. ఒడిశాలో వ్యాపారం చేసుకునే మనకు ఆ ఒక్క మాట చాలు కదా, కుర్చీ వేసి టీ తెప్పిస్తాం. సంచిలోంచి ఆకుపచ్చ గుడ్డ బిగించిన చిన్న చెక్క తీశాడు. నీలం చాక్‌తో దాని మీద గట్టిగా గీతలు గీశాడు. నురుగు చల్లాడు, కాసేపు ఆగాడు, తెల్ల కాగితంతో తుడిచాడు. చెక్క మీద గుడ్డ శుభ్రం, కాగితం నీలం. ఎవరికైనా నచ్చే ప్రదర్శనే. డబ్బా 1,450 రూపాయలు, ఏడాది ఒప్పందం 6,000, అందులో సగం ముందుగా ఇవ్వాలి.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే ఆ చెక్క మీద ఉన్నది నూగు లేని నున్నటి గుడ్డ. పూల్ టేబుళ్లకు వాడే నైలాన్ కలిసిన రకం కావచ్చు. స్నూకర్ టేబుల్‌కు వేసేది నూగు ఉన్న ఉన్ని క్లాత్. ఆ నూగంతా బాల్క్ వైపు, అంటే ఆట మొదలుపెట్టే చివర నుంచి, అవతలి చివర ఉండే నల్ల బంతి వైపుకు వాలి ఉంటుంది. అరచేత్తో అటు నిమిరితే మెత్తగా జారుతుంది, ఇటు నిమిరితే గరుకుగా తగులుతుంది. ఒక గుడ్డ మీద పనిచేసిన మందు రెండోదాని మీద పనిచేస్తుందన్న హామీ ఏమీ లేదు. ఈ తేడా అతనికి తెలియదని నేను అనుకోను.

మా టేబుల్ మీద బాల్క్ వైపు గీసి ఉండే అర్ధవృత్తం, అంటే 'డి' దగ్గర మొదలుపెట్టి, టేబుల్ నడుమనుండే నీలం బంతి చుక్క దాకా చల్లుకుంటూ పోయాడు. తుడిచిన గుడ్డను మాకు చూపించి "ఎంత మురికి పట్టిందో చూశారా" అన్నాడు. గుడ్డ ఆకుపచ్చగా ఉంది. మా హాలులో మేము వాడేది నీలం చాక్. దాని మురికి ఆకుపచ్చగా ఎలా వస్తుంది? ముందు పట్టుకున్నది మా బావమరిది. "బావా, ఊడివస్తున్నది చాక్ కాదు, క్లాత్ రంగు" అన్నాడు. అక్కడికక్కడే ఆపించాం. ఆలోపు సగం టేబుల్ తడిసిపోయింది. ఆరబెడతానంటూ ఆ తడి మీదే ఇస్త్రీ పెట్టె లాగేశాడు. ఆవిరితోపాటు తడిసిన గొంగళి వాసన హాలంతా కమ్ముకుంది.

ఆరిన తర్వాత అసలు సంగతి బయటపడింది. తడిసినంత మేరా అంచుల వెంట లేత రంగు వలయాలు తేలాయి. నూగు లేచి నిలబడకుండా అట్టకట్టింది. మెల్లగా వదిలిన బంతి మధ్య పాకెట్ దాకా తిన్నగా వచ్చి, ఆ వలయం అంచు దాటగానే పక్కకు జరుగుతోంది. పూర్తి సైజు టేబుల్ కింద 5 స్లేట్ పలకలుంటాయి. మా టేబుల్‌కు ఆ పలకల అతుకుల్లో నింపింది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీరు అందాకా దిగి అది కాస్త ఉబ్బినట్టుంది. క్లాత్ మీద వేలు పెట్టి నడిపిస్తే ఒకచోట సన్నటి గట్టులా తగులుతోంది. పైగా ఆ నురుగు వదిలిన జిగట బంతులకు అంటుకుని, చాక్ పొడిని ఇంకా ఎక్కువ పట్టుకుంటోంది. తెల్ల బంతికీ రంగు బంతికీ మధ్య చాక్ రేణువు పడితే దెబ్బ సరిగా తగలక బంతి ఎగిరినట్టవుతుంది. ఆటగాళ్లు దాన్నే కిక్ అంటారు. మరకలు పోతాయని చేయించిన టేబుల్ మీదే ఆ గొడవ ఎక్కువైంది.

ఫోను చేస్తే మొదట తేమ మీదికి నెట్టాడు. "గోపాలపురం గాలి గురువుగారూ, సముద్రం దగ్గర ఇంతే." అదే గది, అదే గాలి, అదే వాన. పక్క టేబుల్ బంగారంలా ఆడుతోంది కదా అని అడిగితే మాట మార్చి, బంతులు పాతవి అన్నాడు. ఆ తర్వాత క్లాత్ వయసు అయిపోయిందన్నాడు. చివరికి అసలు విషయం చెప్పాడు. కొత్త క్లాత్ తానే తెచ్చి బిగిస్తాడట, మనకోసం తగ్గించి ఇస్తాడట! డబ్బా బేరం వెనుక ఉన్న బేరం అదేనని నా అనుమానం. ముందుగా ఇచ్చిన ఒప్పందం డబ్బు మాట ఎత్తగానే ఫోను ఎత్తడం మానేశాడు.

డబ్బాలో ఏముందో చూద్దామని ఇంట్లో ఉన్న విద్యే వాడాం. కాగితం మీద పసుపు నీళ్లు పూసి, ఆరాక దాని మీద రెండు చుక్కల నురుగు వేశాం. క్షణంలో పారాణి రంగు. పసుపులో సున్నం కలిపితే ఎందుకు ఎర్రబడుతుందో ఇదీ అందుకే. అంటే అది క్షార ద్రవం, సోడానో అమ్మోనియానో. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త ఘాటు కూడా ఉంది. ఉన్నికి క్షారం పడదు. క్షారం, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ ముడుచుకుపోతుంది. వేడి నీళ్లలో సోడా వేసి స్వెటర్ ఉతికినవాళ్లకు ఇది కొత్త కాదు. మా టేబుల్ మీద ఈ మూడూ ఒకే పూట జరిగాయి. ఇంకొకరెవరైనా బ్లీచింగ్ ద్రవం వాడమని సలహా ఇస్తే అసలు వినకండి. అది ఉన్నినీ పట్టునూ కరిగించి తినేస్తుంది.

అసలు ఈ చాక్ అనేది బడిలో రాసే సుద్ద కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ ఇది సిలికాతో, గరుకు ఖనిజపు పొడితో తయారవుతోంది. క్యూ చివరి తోలు జారకుండా పట్టుకోవడానికే ఆ గరుకు. అదే పొడి క్లాత్ మీద పడ్డాక తడిపి రుద్దితే, బురదై నేత లోపలికి దిగుతుంది, పోగులను గరుకు కాగితంలా కోస్తుంది. పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌కు లొంగే మరకను తడిపి పాతుకుపోయేలా చేయడమన్న మాట.

అతను పోగొడతానన్న మరకల్లో కొన్ని అసలు మరకలే కావు, ఇది కూడా తెలుసుకోండి. నల్ల బంతి చుక్క దగ్గర, ఆట మొదలుపెడుతూ బ్రేక్ కొట్టే చోట తెల్లటి చిన్న మచ్చలుంటాయి. బంతి క్లాత్‌ను గట్టిగా ఒరుసుకున్నప్పుడు ఆ రాపిడికి నూగు కాలిపోయిన గుర్తులవి. వాటిని తీసే మందు ఎక్కడా లేదు. తీస్తామని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నిశ్చయంగా చెప్పవచ్చు. టేబుల్ అంచు రబ్బరు కుషన్ పక్కన, చెయ్యి ఆనించే చోట కనిపించే తెల్లదనంలో ఎక్కువ భాగం టాల్కం పౌడరు. మన వైపు ఉక్కపోతకు కుర్రాళ్లు పౌడరు డబ్బా పక్కన పెట్టుకుని మరీ ఆడతారు. ఆటకు చేతి తొడుగు ఇస్తే ఆ గొడవ వదిలిపోతుంది. ఇక బరంపురం అప్పడం తిన్న చేత్తో టేబుల్ మీద వాలేవాళ్లను ఏం చేయాలో నాకూ తెలియడం లేదు.

మరి ఏది పనిచేస్తుంది అంటే, డబ్బాలో దొరికేది ఏదీ కాదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో చాలాకాలం మార్కర్‌గా, అంటే స్కోరు చెబుతూ టేబుల్ చూసుకునే మనిషిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరు మా రెండో టేబుల్ చూసుకుంటారు. ఆయన పద్ధతే చెబుతున్నాను. రోజు ఆట ముగిశాక ముందు కుషన్ల కింది సందుల్లోంచి దుమ్ము బయటికి లాగుతారు. ఆ తర్వాత టేబుల్ బ్రష్‌ను బాల్క్ చివర ఆనించి, నల్ల బంతి వైపుకు ఒకే తీరున, పొడవాటి గీతల్లా తోస్తారు. వెనక్కి లాగరు. చివరికి వచ్చాక బ్రష్ పైకెత్తి మళ్లీ బాల్క్ దగ్గరికి నడిచివెళ్తారు. గుండ్రంగా తిప్పడం, అటూ ఇటూ రుద్దడం చూస్తే ఆయనకు కోపం. నల్ల బంతి చివర పోగైన పొడిని ఎత్తేసి, క్లాత్ ముక్క చుట్టిన చెక్క దిమ్మను అదే దిక్కున ఒకసారి నడిపిస్తారు. బ్రష్‌కు దొరకని సన్నటి పొడి ఆ దిమ్మకు అంటుకుని వస్తుంది. చాక్ గీతల్లో చాలావరకు ఇంతటితోనే మాయం.

అప్పటికీ వదలని మొండి మరక ఉంటే, తెల్లటి నూలు గుడ్డను మామూలు నీళ్లలో ముంచి, ఒక్క చుక్క కూడా కారనంత గట్టిగా పిండి, నూగు వాలిన వైపుకు తేలిగ్గా ఒకటి రెండుసార్లు లాగుతారు. నొక్కరు. పూర్తిగా ఆరేదాకా ఆ టేబుల్ మీద ఆట లేదు. ఆరాక మళ్లీ బ్రష్. ఇది కూడా ఆయన అరుదుగానే చేస్తారు. ఇస్త్రీ అయితే బ్రష్ చేశాక, పొడి క్లాత్ మీద, నూగు దిక్కునే. పెట్టెను ఎక్కడా నిలిపి ఉంచకూడదు. వేడి సరిపోయిందో లేదో ముందు తెల్ల కాగితం మీద పెట్టి చూస్తారు, కాగితం గోధుమ రంగుకు తిరిగితే ఆ వేడి క్లాత్‌కు ఎక్కువే. నూగు లేని నైలాన్ రకాలకు ఈ ఇస్త్రీ జోలికే వెళ్లొద్దు. బంతులను కూడా తుడవండి. చాక్‌ను టేబుల్ నిండా మోసుకుతిరిగేవి అవే. క్యూకు చాక్ రాసేటప్పుడు టేబుల్ మీద కాకుండా పక్కకు తిరిగి రాయమని ఆటగాళ్లకు చెప్పడం ఖర్చులేని పని.

ఇప్పుడు కొత్త క్లాత్ కొనాల్సినవాళ్ల కోసం ఒక మాట. "అసలు ఇంగ్లీషు ఉన్ని" అని నోటితో అందరూ చెబుతారు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అందులో నైలాన్ లేదా పాలిస్టర్ ఉన్నట్టే. మాది పట్టు ఊరు, ఏ చీరల కొట్టులో పెద్దవాళ్లను అడిగినా ఈ పరీక్ష చేసి చూపిస్తారు. పట్టుకూ ఇదే వాసన వస్తుంది, ఈ బేరంలో పట్టు అమ్మేంత దాతలు ఎవరూ లేరు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. క్లాత్ బిగించాక మిగిలిన ముక్కలను బిగించినవాళ్లు పట్టుకుపోకుండా అడిగి తీసుకోండి. ఎవరు ఏ మందు తెచ్చినా ముందు ఆ ముక్క మీద చేయమనండి, మర్నాడు ఆరాక చూసి మాట్లాడదామని చెప్పండి. అతని చెక్క మీద కాకుండా మీ ముక్క మీద చేయడానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో సరి.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. ప్యాకెట్ సరుకులకు 2011 నాటి నిబంధనలు చెప్పేది ఇదే. మాకు అంటగట్టిన డబ్బా మీద ఒక రంగు బొమ్మ, ధర తప్ప ఏమీ లేవు. రసీదు కూడా తెల్ల చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ, డబ్బు పంపిన ఫోను సందేశం, వలయాల ఫోటోలు, మిగిలిన నురుగుతో సహా డబ్బా, అన్నీ దాచి ఉంచాం.

ఫిర్యాదు విషయంలో మాకు ఒకరు "మీది వ్యాపారం, మీరు వినియోగదారు కింద రారు" అని చెప్పారు. అది పూర్తిగా నిజం కాదు. వ్యాపారానికి కొన్నదానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవాళ్లను ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి రెండు టేబుళ్లు నడుపుకునేవాళ్లు ఆ మాట ఎత్తి అడగవచ్చు. పైగా మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి పరుగెత్తాల్సిన పని లేదు. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. మేము గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాం.

అతను ఇక్కడి నుంచి రాయగడ, జయపురం వైపు వెళ్తానని మా దగ్గరే అన్నాడు. ఆకుపచ్చ గుడ్డ చుట్టిన చిన్న చెక్క, నీలం చాక్, తెల్ల కాగితం, "గురువుగారూ" అనే పిలుపు. ఇవి కనిపిస్తే, వినిపిస్తే ఒప్పందం మీద సంతకం చేయకండి, ముందుగా డబ్బు ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చినవాళ్లుంటే డబ్బా పారేయకుండా ఉంచి, ఈ పోస్టు కింద రాయండి. ఒకే సరుకు మీద నలుగురం విడివిడిగా ఫిర్యాదు చేస్తే తేమ సాకు చెప్పడం అతనికి కష్టమవుతుంది.