సెకండ్ హ్యాండ్ డేవిడ్ క్లార్క్: నెత్తి మీద అరకిలో

పైలట్ శిక్షణలో ఉన్నా, విమానంలో పెట్టుకునే హెడ్‌సెట్ కొనే ముందు యూట్యూబ్‌లో ఎన్ని రివ్యూలు చూశానో లెక్కలేదు, అన్నిట్లో ఒకటే పాట, బోస్ ఏ30 కొను, బతుకు బాగుపడుతుంది అని. నిజమే కావచ్చు. కానీ అది అమెరికాలోనే వెయ్యి డాలర్లు దాటుతుంది, ఇక్కడికొచ్చేసరికి లక్ష పైమాటే, ఆ డబ్బుకి ఎన్ని గంటలు ఎగరొచ్చో నాన్న కాగితం మీద లెక్కేసి చూపించాడు. సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి, 200 గంటలు ఎగరాలి కదా, మా ఇంట్లో ఇప్పుడు ఏ వస్తువు ధరైనా గంటల్లోనే. కొత్త ఫ్రిజ్ అంటే రెండు గంటలు.

అందుకే ముందు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికింది కదా అని ఒకటి తెప్పించా, అమ్మినవాళ్ల పేరు వద్దులెండి. డబ్బా విప్పితే ఒక్కటే ప్లగ్ ఉంది. మేం నేర్చుకునే సెస్నా 172 విమానంలో పెట్టుకోవాల్సిన ప్లగ్‌లు రెండు: వినడానికి పావు అంగుళంది, గిటార్ జాక్ లాంటిది, మైక్‌కి దానికంటే కాస్త సన్నం, 5.2 మిల్లీమీటర్లది. నాకొచ్చింది హెలికాప్టర్‌ది, యూ-174 అంటారు. మార్చుకోడానికి జాక్‌లు దొరక్కపోతాయా అని కోఠీ గుజరాతీ గల్లీకి పరిగెత్తా, అక్కడ దుకాణంలో అన్న లావు జాక్‌లు గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు గానీ, రెండోదాని కొలత చెప్పగానే నా వంక జాలిగా చూశాడు. అడాప్టర్లు ఉంటాయి, విమానాల సామాను అమ్మేవాళ్ల దగ్గర, అయితే ఆ ఖర్చు కూడా కలిపితే ఇంక చవక ఎక్కడిది? వాపస్ పంపాను, కొరియర్ డబ్బులు నా మీదే పడ్డాయి. ఏ హెడ్‌సెట్ అయినా డబ్బు పంపే ముందు ప్లగ్ ఫొటో అడగండి, మిగతా కబుర్లు తర్వాత.

ఇప్పుడు వాడుతున్నది డేవిడ్ క్లార్క్ కంపెనీ హెచ్10-13.4, ఆకుపచ్చ డొప్పలది, ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. ఒక సీనియర్ దగ్గర పదిహేను వేలకి తీసుకున్నా. బేగంపేట మెట్రో కింద కలిసి, పక్కనే చాయ్ హోటల్లో కూర్చుని, అది తలకి పెట్టుకుని నలభై నిమిషాలు అలాగే ఉన్నా. చాయ్ తెచ్చినాయన "క్యా భాయ్, కాల్ సెంటర్?" అన్నాడు. నవ్వితే నవ్వారు గానీ అదే సరైన పరీక్ష, ఎందుకంటే ఏ హెడ్‌సెట్ అయినా మొదటి ఐదు నిమిషాలు హాయిగానే ఉంటుంది, నడినెత్తి మీద నొప్పి మొదలయ్యేది అరగంట దాటాకే.

ఇది ప్యాసివ్ సెట్. అంటే బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, చెవిని గట్టిగా మూసేసి చప్పుడు ఆపడమే దీని పని, కంపెనీ లెక్క ప్రకారం 23 డెసిబెల్స్. ఏఎన్ఆర్, అంటే యాక్టివ్ నాయిస్ రిడక్షన్, వేరు, బోస్‌ది ఆ రకమే, అది ఇంజన్ గుర్రుకి ఎదురు శబ్దం పుట్టించి కొట్టేస్తుంది, ఆ బొంగురు మోతని ప్యాసివ్ కంటే బాగా తగ్గిస్తుంది, అందులో వాదన లేదు. బ్యాటరీ అయిపోతే మాత్రం అదీ చెవి మూసే డొప్పే. రోజుకి ఐదారు గంటలు ఎగిరేవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. నేను ఎగిరేది రోజుకి గంట, మహా అయితే గంటన్నర.

ఒకసారి ఫ్రెండ్ ఏఎన్ఆర్ సెట్ అడిగి తీసుకెళ్లా. ఎడమ చెవిలో ఎగరడం నేర్పించే సార్ గొంతు గణగణ, కుడి చెవిలో నిశ్శబ్దం. చెడగొట్టానేమో అని టెన్షన్, చూస్తే అది స్టీరియోలో, అంటే రెండు చెవులకి వేరువేరు లైన్లలో ఉంది, విమానం ఇంటర్‌కామ్ మోనో, ఒకే లైను. చిన్న స్విచ్ జరిపితే సరిపోయేది, నాకు దిగాక తెలిసింది.

కళ్లజోడు సంగతి రివ్యూల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. ప్యాసివ్ సెట్ పనిచేసేదే బిగుతు మీద, లావుపాటి కాడలున్న జోడు పెట్టుకుంటే ఆ సందులోంచి మోతంతా లోపలికే. నేను సన్న తీగ ఫ్రేమ్‌కి మారాను, తేడా నిజంగా తెలిసింది. మైక్ కూడా అంతే, పెదవికి తగిలీ తగలనట్టు ఉండాలి, దూరం జరిపితే రేడియోలో చెప్పే నా విమానం పేరు, అదే కాల్ సైన్, నాకే అర్థం కాలేదు, సార్ అయితే "ఎవరితో గుసగుసలు?" అన్నారు.

బరువు అరకిలోకి అటూ ఇటూ, పాత బోస్ ఏ20 340 గ్రాములే. మే నెల మధ్యాహ్నం రన్‌వే దగ్గర వరసలో ఆగి ఉన్నప్పుడు ఏ ప్యాసివ్ సెట్ అయినా చెవుల చుట్టూ చెమట కాలవే, అప్పుడు ఎవడి సలహా విని కొన్నాన్రా బాబూ అనిపిస్తుంది. పైగా సెకండ్ హ్యాండ్‌లో ఇయర్ సీల్స్, అంటే చెవి చుట్టూ ఉండే మెత్తలు, గట్టిపడి ఉంటాయి, నొక్కి చూడండి, మెత్తగా తిరిగి లేవకపోతే కొత్త సీల్స్ ఖర్చు బేరంలో కోసేయండి. నేను కోయించా.

చెమటకి గుడ్డ తొడుగులు అమ్ముతారు గానీ, అమ్మ తన పాత కాటన్ చీరతో రెండు జతలు కుట్టింది, ఒకటి ఉతికితే ఒకటి. పసుపు పూలున్నాయి వాటి మీద. సార్ చూశారు, ఏమీ అనలేదు.