లూసర్న్ విత్తనం విడిగా తూకానికి కొనకండి, నా 10 గుంటలు పోయాయి

మాది దేవరకొండ దగ్గర చెలక భూమి. ఏటా పత్తి వేసీ వేసీ, జానెడు దాటితే నాగలి దిగనంతగా అడుగున గట్టిపడింది. లూసర్న్ తల్లివేరు మీటర్ల లోతుకు దిగి నేలను వదులు చేస్తుంది, వేరుబుడిపెల్లో నత్రజని నిలుపుతుంది, పైగా మూడు బర్రెలకు పచ్చిమేత. అందుకే బోరు కింద 10 గుంటల్లో, అంటే పావెకరంలో వేద్దామనుకున్నా.

ఎకరాకు 10 కిలోల లెక్కన రెండున్నర కిలోలు కావాలి. షాపాయన విప్పి ఉన్న బస్తాలోంచి తూచి కవర్లో పోశాడు. ట్యాగ్ ఏదంటే "బస్తాకుండె, చినిగిపోయింది" అన్నాడు. బిల్లు అడిగితే "నువ్వేమన్న పరాయోడివా అన్నా?" అని చీటీ మీద రేటు రాసిచ్చాడు. కిలోకు వంద తక్కువ. ఆ వందకే పడిపోయా, దాచేదేముంది.

దసరా పోయాక చల్లాం. మొలక బాగా వచ్చింది. రెండు నెలలు కాకముందే మా ఆవిడ "చేన్ల పసుపు దారం ఎవరు పారేసిండ్రు?" అంది. వెళ్లి లాగితే తెగింది గానీ కింద వేరు లేదు. ఆకూ లేదు. లూసర్న్ కాడలకు చుట్టుకుని, చుట్టుకున్న చోటల్లా అతుక్కుని రసం పీలుస్తోంది. ఫొటో పంపితే మా వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) సార్ వెంటనే చెప్పారు, బంగారు తీగ అని.

కవర్లో మిగిలిన గుప్పెడు గింజలు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో చూశా. లూసర్న్ గింజ చిక్కుడు గింజలా వంపు తిరిగి, నున్నగా, పసుప్పచ్చగా ఉంటుంది. వాటి మధ్య ఇంకా చిన్నవి, గుండ్రటివి, గరుకుగా మట్టిరంగువి దొరికాయి. కొనేరోజు అరచేతిలో దుమ్మనుకున్నవి అవే!

నాలుగు చోట్ల నేల దాకా కోసి అక్కడే కాల్చాం. మూడు వారాలకు తొమ్మిది చోట్ల లేచింది. మొత్తం దున్నేయక తప్పలేదు. కాయ పట్టిన తీగను మేతలో కలిపితే గింజ పేడలోంచి మళ్లీ చేలోకే వస్తుందట, మట్టిలో ఏళ్ల తరబడి చావదట. అందుకే బర్రెలకూ వేయలేదు.

షాపుకెళ్తే "మీ నేలలోనే ఉందేమో" అన్నాడు. బిల్లు లేదు, లాట్ నంబర్ లేదు, ఏం పట్టుకుని ఫిర్యాదు చేయను?

సీలున్న సంచే కొనండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగ్, కంపెనీ సొంత లేబుల్‌దైతే ఆకుపచ్చ ట్యాగ్ ఉంటుంది. లాట్ నంబర్, మొలక శాతం, పరీక్ష తేదీ చూసి, లాట్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. ట్యాగూ సంచీ పంట అయ్యేదాకా పారేయకండి.

ఇప్పుడక్కడ మేత జొన్న వేశా, గడ్డిజాతి మీద ఆ తీగ బతకదన్నారు. ఈ ఏడు విడి విత్తనం చల్లినవాళ్లుంటే, తీగ పూతకు రాకముందే ఒకసారి చేనంతా తిరిగి చూడండి. నీళ్లు పారే కాలువ పక్కన మరీ మరీ చూడండి, మా చేన్లో మొదట కనపడింది అక్కడే.