వేల్స్ కోటలు: ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు

యూరప్‌లో కోటలు చూడాలనుకునేవాళ్ళు ముందుగా ఎంచుకునేది బవేరియాలోని నాయ్‌ష్వాన్‌స్టైన్. కొండ అంచున తెల్లటి బురుజులు, వెనక ఆల్ప్స్ పర్వతాలు. ఫొటోకి తిరుగులేదు. కానీ దానికి పునాది పడింది 1869లో. అప్పటికే మన దగ్గర రైళ్ళు తిరుగుతున్నాయి. రెండో లుడ్విగ్ రాజు తన ఊహాలోకం కోసం కట్టించుకున్న మేడ అది. ఏ సైన్యమూ దాన్ని ముట్టడించలేదు, అది ఏ దారికీ కాపలా కాయలేదు. లోపల గైడు వెంట గుంపుగా నడిచి గుంపుగా బయటపడాలి. మేడ చూడాలనుంటే వెళ్ళండి, బాగుంటుంది. కోటే చూడాలనుంటే మాత్రం నా ఓటు బ్రిటన్‌లోని ఉత్తర వేల్స్‌కి.

మా ఎంపికకి ఇంకో కారణం కూడా ఉంది లెండి. తమ్ముడి కాపురం మాంచెస్టర్‌లో. చేతిలో ఉన్నది బ్రిటన్ వీసా, దానితో జర్మనీ, ఫ్రాన్స్ వెళ్ళడం కుదరదు. ఆ దేశాలకి కావలసిన షెంగెన్ వీసాకి విడిగా దరఖాస్తు, విడిగా ఫీజు, మళ్ళీ వేలిముద్రలు. అంత శ్రమ పడి దేశానికొక కోట చొప్పున చూసొచ్చేకన్నా, ఒకే యుద్ధంలో పుట్టిన కోటలన్నీ ఒకచోట చూడటం మేలనిపించింది. ఉత్తర వేల్స్‌లో ఆ సదుపాయం ఉంది. గెలిచినవాడి కోటలూ, ఓడినవాడి కోటలూ గంటన్నర ప్రయాణం లోపే ఉన్నాయి.

కథ క్లుప్తంగా: 1282 డిసెంబరులో వేల్స్ యువరాజు లెవెలిన్ యుద్ధంలో చనిపోయాడు. మరుసటి ఏడే ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కాన్వీ, కైర్నార్వన్, హార్లెక్ కోటల పని మొదలుపెట్టాడు. వేల్స్‌వాళ్ళు 1294లో తిరగబడితే, 1295లో బ్యూమారిస్ కూడా ఎత్తుకున్నాడు. ఈ నాలుగింటికీ 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పెద్దమేస్త్రీ ఒక్కడే, సవోయ్ ప్రాంతం నుంచి వచ్చిన జేమ్స్. ఇక్కడ కాన్వీ గోడలు లేస్తున్న సమయంలో ఓరుగల్లులో రుద్రమదేవి రాజ్యం నడుస్తోంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను పూర్తి చేయించింది ఆవిడే. ఈ సంగతి చెప్పాక అమ్మకి ఒక్కసారిగా ఆసక్తి పెరిగింది. అంతకుముందు ఆవిడ అడిగింది ఒకటే: "మెట్లెక్కించడానికేనటే ఇంత దూరం తీసుకొచ్చావు?"

మెట్ల సంగతి నిజమే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కోటని ఎంచుకోవాల్సింది పేరుని బట్టి కాదు, మెట్లని బట్టి. కాన్వీలో బురుజు ఎక్కాలంటే ఇరుకైన మెలికల మెట్లు. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే గోడకి అతుక్కుని నిలబడాలి. పట్టుకోవడానికి చాలాచోట్ల తాడో కమ్మీయో ఉంటుంది, అంతే. కైర్నార్వన్‌లో కింగ్స్ గేట్ అనే ప్రధాన ద్వారాన్ని 2023లో బాగుచేసి లిఫ్టు పెట్టారు. మోకాళ్ళ నొప్పులున్నా పైకెళ్ళి చుట్టూ చూడొచ్చు. బ్యూమారిస్ చదునైన నేల మీద ఉంది, పైకి ఎక్కకపోయినా సగానికి పైగా చూసినట్టే. హార్లెక్‌లో ప్రవేశం వరకు నడక వంతెన వేశారు కాబట్టి లోపలికి వెళ్ళడం సులువు. కానీ కింద రైల్వే స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఎక్కే దారి మాత్రం గుండెల్ని పరీక్షిస్తుంది.

ఇక ఒక్కొక్కటి. అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది కాన్వీకే. 1283 నుంచి 1287 లోపు ఎనిమిది భారీ బురుజులతో ప్రధాన నిర్మాణం లేచింది. ఖర్చు సుమారు 15,000 పౌండ్లు, ఆ రోజుల పౌండ్లు. పైకప్పులు పోయాయి కానీ గోడలు దాదాపు పూర్తి ఎత్తున నిలబడి ఉన్నాయి. రాజదంపతుల గదులు ఏవి, వంటలు ఎక్కడ, ప్రార్థన ఎక్కడ అన్నది తిరుగుతూనే పోల్చుకోవచ్చు. పెద్ద హాలు తిన్నగా కాకుండా వంపు తిరిగి ఉంటుంది. కింద బండ ఎలా వంగిందో దాన్నిబట్టి గోడ కట్టేశారు. బురుజు పైకెక్కితే ఒకవైపు నదీముఖం, ఇంకోవైపు స్నోడోనియా కొండలు, కాళ్ళ కింద 1826లో ఇంజనీరు టెల్ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన, పక్కనే ఇంకో ఇంజనీరు స్టీఫెన్‌సన్ కట్టిన రైలు వంతెన. రైలు కోటగోడని రాసుకుంటూ పోతుంది. చిన్నపిల్లలున్నవాళ్ళు దానికోసమైనా ఎక్కొచ్చు.

కోట చూసి వెనక్కి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. కానీ కాన్వీలో అసలు విశేషం ఊరి చుట్టూ ఉన్న ప్రాకారం: 1.3 కిలోమీటర్ల గోడ, 21 బురుజులు, 3 ద్వారాలు. చాలా భాగం మీద నడవొచ్చు, అదీ ఉచితంగా. ఒకచోట గోడ బయటికి వరసగా 12 మరుగుదొడ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. రాజుగారి సిబ్బంది కోసం కట్టినవట. మా తమ్ముడు అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలు తీసింది అక్కడే. ఈ గోడ లోపల కాపురం పెట్టే హక్కు ఇంగ్లండ్ నుంచి తెచ్చిన జనానికే. వేల్స్‌వాళ్ళని బయట ఉంచేశారు. పైగా ఆ స్థలం ఖాళీగా ఉన్నదేం కాదు. అక్కడ ఒక మఠం ఉండేది, అందులో లెవెలిన్ తాతగారి సమాధి. మఠాన్ని లోయలో ఇంకోచోటికి తరలించి ఎడ్వర్డ్ తన కోటనీ ఊరినీ కట్టాడు. ఇది తెలిశాక చూస్తే గోడల అందం అలాగే ఉంటుంది కానీ మనం చూసే చూపు మారుతుంది.

కైర్నార్వన్ నాలుగింటిలో పేరు మోసినది. బయటినుంచి చూస్తే దర్జా దానిదే. గోడల్లో అడ్డచారలుగా రంగు రాళ్ళు, పలకలు తిరిగిన బురుజులు. కాన్‌స్టాంటినోపుల్ గోడలని తలపించేలా కట్టించాడని చరిత్రకారుల మాట. రెండో ఎడ్వర్డ్ 1284లో పుట్టింది ఇక్కడే. 1969లో ఛార్లెస్‌కి వేల్స్ యువరాజుగా పట్టం కట్టిందీ ఇక్కడే, ఆ వేదిక తాలూకు పలకరాయి ఇంకా పచ్చిక మధ్యలో ఉంది. గోడల లోపలి పొడవాటి నడవాల్లో తిరగడం పిల్లలకి పండగ. అయితే గోడలు దాటి లోపలికొస్తే ఎక్కువ భాగం ఖాళీ పచ్చికే. గదులు, కాపురాలు ఊహించుకోవడానికి కాన్వీలో ఉన్నంత ఆసరా లేదు. ఒక్కటే చూడగలిగితే, మెట్లెక్కగలిగేవాళ్ళకి కాన్వీ, లిఫ్టు కావలసినవాళ్ళకి కైర్నార్వన్. ఊళ్ళోకి పెద్ద రైలు రాదు, బ్యాంగర్‌లో దిగి బస్సు ఎక్కాలి.

బ్యూమారిస్ ఫొటోల్లో అంతంతమాత్రం. పొట్టిగా, వెడల్పుగా, చుట్టూ నీళ్ళతో ఉంటుంది. కానీ లోపలికి వెళ్ళాక ఆ లెక్క అర్థమవుతుంది: ఒక గోడ లోపల ఇంకో గోడ, రెండు పక్కలా ఒకే కొలత, కందకం, సముద్రం నుంచి పడవలు నేరుగా ద్వారం దాకా వచ్చే రేవు. ఇంత పక్కాగా గీసిన కోట పూర్తి కాలేదు. 1296లో జేమ్స్ మేస్త్రీ లండన్ ఖజానాకి రాయించిన ఉత్తరం దొరుకుతోంది: 400 మంది రాతిపనివాళ్ళు, 2,000 మంది కూలీలు, వారానికి కనీసం 250 పౌండ్లు కావాలి, కూలీ అందక జనం పనిలో నిలబడటం లేదు అని. ఎడ్వర్డ్ డబ్బంతా స్కాట్లాండ్ యుద్ధానికి పోతోంది మరి. బిల్లులు ఆగి పని నిలిచిపోయిన కాంట్రాక్టు అన్నమాట. బురుజుల పైభాగాలు లేకపోవడం శిథిలమై కాదు, అసలు కట్టనే లేదు. అమ్మకి నాలుగింటిలో నచ్చింది ఇదే. ఎక్కనక్కర్లేదు, బెంచీలున్నాయి, నీళ్ళల్లో బాతులు. పులిహోర డబ్బా విప్పింది కూడా ఈ ఊరి సముద్రపు ఒడ్డునే.

హార్లెక్‌కి దూరం ఎక్కువ, కారుంటే తేలిక. నిటారు బండ మీద కోట. కట్టినప్పుడు సముద్రం బండ అడుగుదాకా వచ్చేది, ఇప్పుడు ఇసుక మేట వేసి దూరంగా జరిగిపోయింది. సముద్రం వైపు 108 మెట్ల దారి వేసుకున్నారు, ముట్టడి పడ్డప్పుడు సరుకులు అటునుంచే. 1404లో వేల్స్ తిరుగుబాటు నాయకుడు ఓవెన్ గ్లిన్డూర్ ఈ కోట పట్టుకుని తన కొలువు ఇక్కడే పెట్టాడు, 1409లో పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు రాజవంశాలు కొట్టుకున్న గులాబీ యుద్ధాల్లో 1468 దాకా ఏడేళ్ళు ముట్టడిని తట్టుకుంది. సమయం తక్కువైతే వదిలేయదగ్గది ఇదే అనాలి. తీరా వెళ్తే ఆ ఎత్తు మీద నుంచి కదలబుద్ధి కాదు.

నాలుగూ చూసి వెళ్ళిపోతే గెలిచినవాడి మాటే విన్నట్టు. అందుకే లాన్‌బెరిస్ దగ్గర డోల్‌బడార్న్‌కి తప్పకుండా వెళ్ళమంటాను. 13వ శతాబ్దం మొదట్లో వేల్స్ రాజు కట్టించిన ఒంటరి గుండ్రటి బురుజు, సరస్సు పైన గుట్ట మీద. టికెట్ లేదు, కాపలా లేదు, గొర్రెలు తిరుగుతుంటాయి. అరగంట చాలు. ఎడ్వర్డ్ మనుషులు దీన్ని పట్టుకున్నాక ఇందులోని దూలాలు పీక్కెళ్ళి కైర్నార్వన్‌లో వాడుకున్నారు. ఆ కోటని ముందు చూసి ఇక్కడికి రావాలి, ఆ వరసలోనే దీని బలం తెలుస్తుంది.

బ్యాంగర్ పక్కన పెన్రిన్ కాసిల్ అని బోర్డులు ఊరిస్తాయి. అది 19వ శతాబ్దంలో పాతకోట వేషం వేయించిన జమీందారీ భవనం. జమైకాలో బానిసలతో పండించిన చెరకు డబ్బు, ఇక్కడి పలకరాయి గనుల డబ్బు కలిసి లేచింది. ఆ గనుల్లో 1900 నుంచి 1903 దాకా సమ్మె నడిచింది. విక్టోరియా రాణి కోసం చేయించిన టన్ను బరువు పలకరాయి మంచం లోపల ఉంది. వాన పడితే వెళ్ళండి, పైకప్పు ఉన్నది దానికే. టికెట్ మాత్రం వేరు. పైన చెప్పిన నాలుగు కోటలూ కాడూ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి. వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ పాసు మూడు, నాలుగు కోటలకి గిట్టుబాటు. పెన్రిన్ నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థది, అక్కడ ఆ పాసు చెల్లదు.

బస విషయంలో రెండు పద్ధతులూ చూశాం. కాన్వీ గోడల లోపల ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. కిటికీ తీస్తే ప్రాకారం, రాత్రి ఊరు నిశ్శబ్దం. కానీ లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, సూట్‌కేసులు మోయడం తమ్ముడి వంతైంది. కారు ఊరి బయట పెట్టుకోవాలి. తర్వాత దగ్గర్లోని లాండిడ్నోకి మారాం. సముద్రపు ఒడ్డున విక్టోరియా కాలపు హోటళ్ళ వరస అది. మాకు దొరికినదాంట్లో గది పాతబడింది, తివాచీ వాసన. అయినా లిఫ్టు ఉంది, చదునైన నడకదారి ఉంది, రాత్రి భోజనానికి నాలుగు చోట్లు తెరిచి ఉన్నాయి. ఇద్దరే అయితే కాన్వీ, పెద్దవాళ్ళతో అయితే లాండిడ్నో. శాకాహారులు అల్పాహారం సంగతి బుక్ చేసినప్పుడే చెప్పాలి. లేకపోతే కాల్చిన టమాటా, బీన్స్, రొట్టెతో సరిపెట్టుకోవాలి. వంటగది ఉన్న ఇల్లు దొరికితే ఇక మాట్లాడొద్దు, రైస్ కుక్కర్ కూడా తీసుకెళ్ళండి.

మాంచెస్టర్ నుంచి చెస్టర్ మీదుగా రైలు సముద్రాన్ని ఆనుకునే వస్తుంది, ఆ ప్రయాణమే సగం యాత్ర. కాన్వీ చిన్న స్టేషన్, దిగేవాళ్ళు గార్డుకి ముందే చెప్పాలి. లేదంటే లాండిడ్నో జంక్షన్‌లో దిగి వంతెన మీదుగా నడిచి రావొచ్చు, కోట ఎదురుగా పెరుగుతూ వస్తుంది. బస్సులు వారం మధ్యలో పర్వాలేదు, ఆదివారం నమ్ముకోవద్దు. మేము డోల్‌బడార్న్, హార్లెక్‌లకి తమ్ముడి కారు మీద ఆధారపడ్డాం.

ఆఖరిది, వరసలో లేనిది: వెల్ష్‌పూల్ దగ్గరి పోవిస్ కాసిల్. ఇది ఉత్తరతీరం కాదు, మాంచెస్టర్ నుంచి ష్రూస్‌బరీ మీదుగా విడిగా ఒక రోజు పెట్టుకోవాలి. ఎర్రరాతి కోట, కింద మెట్లు మెట్లుగా దిగే తోటలు. బ్రిటిష్‌వాళ్ళు తోట కోసం వస్తారు. మనం వెళ్ళాల్సింది లోపలి క్లైవ్ మ్యూజియం కోసం. 1765లో మొఘల్ చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కార్ల ఫర్మానా సంపాదించిన రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్, ఈ కోట ఇంటి అల్లుడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1799లో టిప్పు సుల్తాను శ్రీరంగపట్నంలో చనిపోయింది ఆయన హయాంలోనే. 1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చి, అవి దత్తమండలాలైందీ అప్పుడే. అంటే మన కోస్తావాళ్ళకి తండ్రి, సీమవాళ్ళకి కొడుకు.

అద్దాల వెనక టిప్పు సింహాసనం తాలూకు రత్నాలు పొదిగిన బంగారు పులితల ఉంది. ఆయన గుడారం ఉంది, పూలకుండీల బొమ్మలున్న నూలు గుడ్డతో కుట్టింది. ఈ ఇంటివాళ్ళు దాన్ని తోటలో విందులకి షామియానాగా వాడుకున్నారట. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడి, "ఉతికారో లేదో," అంది. నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. వస్తువుల పక్కన రాసిన వివరాలు ఇంకాస్త సూటిగా ఉండొచ్చని నా అభిప్రాయం. గదులు చీకటి, చిన్న అక్షరాలు, కళ్ళజోడు తప్పనిసరి.

ఇల్లు తెరిచి ఉంచే వేళలూ తోట వేళలూ వేరువేరుగా ఉంటాయి, వెబ్‌సైట్‌లో రెండూ చూసుకోండి. ముందు మ్యూజియం ముగించి తర్వాత తోటలోకి దిగండి. వెల్ష్‌పూల్ స్టేషన్ నుంచి కోటకి మైలు పైన నడక, ఆఖర్లో ఎత్తు. పెద్దవాళ్ళుంటే టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.