పాత గద్వాల చీర, ఆరేళ్ల తర్వాత

ఈ చీర రంగు దిగలేదు. ఆరేళ్లుగా ఉతికిన ప్రతిసారీ బకెట్టు మీదికి వంగి నీళ్లు చూస్తున్నాను. మొదట్లో భయంతో చూసేదాన్ని, ఇప్పుడు సంతోషం కోసం చూస్తున్నాను. నీళ్లు తేటగా ఉంటాయి. మరొకరు కట్టి, ఉతికి, అమ్మిన చీరను కొన్నందుకు నాకు దక్కిన వాటిలో దీన్ని మించినది లేదు కాబట్టి దీనితోనే మొదలుపెడుతున్నాను.

ఇంతగా ఎందుకు మురిసిపోతున్నానో తెలియాలంటే అంతకుముందు చీర సంగతి చెప్పాలి. 2017లో మా తమ్ముడి పెళ్లికి కొత్త గద్వాల చీర కొనుక్కున్నాను. మీగడ రంగు నూలు చీర, మెరూన్ రంగు పట్టు అంచు. రెండుసార్లు కట్టాక ఇంట్లోనే చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టాను. తీసేసరికి అంచు పక్కన జానెడు మేర గులాబీ రంగు పాకింది. కుచ్చిళ్లు పెడితే ఆ మరక మెట్లు మెట్లుగా కనబడేది. ఉప్పు నీళ్లు, నిమ్మరసం, ఎవరేది చెబితే అది చేశాను. పోలేదు. దానికితోడు నూలు ముడుచుకుంది, పట్టు అంతగా ముడుచుకోలేదు. రెండూ కలిసే చోట అంచు పొడవునా అలలు లేచాయి. ఇస్త్రీ చేయించిన గంటకే మళ్లీ లేచేవి. కొన్న దుకాణానికి తీసుకెళ్తే "చేనేత అంటే అంతే కదమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అద్దకంలో రంగు సరిగా పట్టకపోయినా, అద్దిన తర్వాత మిగులు రంగు పోయేదాకా కడగకపోయినా పట్టు రంగు వదులుతుంది. ఆ తప్పును మగ్గం మీదికి నెట్టడం అన్యాయం.

2019 డిసెంబరులో ఫోనులో పాత చీరల ప్రకటనలు చూస్తుంటే ఇది కనబడింది. ఆవపిండి రంగు నూలు చీర, నేరేడు రంగు పట్టు అంచు, కొంగు నిండా జరీ. అమ్ముతున్నది వనపర్తిలో ఉద్యోగ విరమణ చేసిన ఒకావిడ. ఆస్పత్రి పని మీద మహబూబ్‌నగర్ వస్తున్నానని, బస్టాండులో కలుద్దామని చెప్పారు. సిమెంటు బల్ల మీద పాత దినపత్రిక పరిచి, చీర విప్పి చూపించారు. నేను జేబురుమాలు తడిపి, అంచు లోపలి వైపు అద్ది, బొటనవేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకున్నాను. తీసి చూస్తే రుమాలు తెల్లగానే ఉంది. ఆవిడ నవ్వి, "అది దిగాల్సిందంతా ఎప్పుడో దిగింది తల్లీ. మొదటి రెండు ఉతుకులూ నేనే పడ్డాను" అన్నారు. కొన్నది 2012లోనట. కుంకుడు రసంతో తప్ప ఉతకలేదట. మోకాళ్ల నొప్పులతో చీరలు కట్టడం తగ్గించారట, అందుకే అమ్ముతున్నారట. పద్దెనిమిది వందలు అడిగారు. బేరం ఆడాలనిపించలేదు.

ఇంటికి తెస్తే మా అత్తయ్య గడప దగ్గరే ఆపారు. "ఎవరు కట్టారో, ఏ ఇంటి చీరో, ఎందుకు అమ్ముకున్నారో" అని ఆవిడ భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన దగ్గర ఒంటి మీది బట్ట ఒంటితో సమానం. పెద్దవాళ్ల చీర తలగడ కింద పెట్టుకుని పడుకునే మనుషులం మనం. అమ్మిన మనిషిని చూశానని, ఆవిడ నిక్షేపంగా ఉన్నారని చెప్పాను. చీర మీద నాలుగు చుక్కలు పసుపు నీళ్లు చల్లి లోపలికి తెమ్మన్నారు. ఆవపిండి రంగు చీర కాబట్టి చుక్కలు కనబడలేదు.

గద్వాల చీర గురించి తెలిసిందే, నూలు చీరకు పట్టు అంచూ పట్టు కొంగూ. అయితే ఆ రెండూ కలిసే చోటును దగ్గరగా పెట్టుకుని చూసినవాళ్లు తక్కువ. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, మా అమ్మాయి సైన్సు భూతద్దం తీసుకుని చూశాను. కుట్టు లేదు. అడ్డంగా నేసే నేరేడు రంగు పేక పోగు అంచు చివరిదాకా వచ్చి, ఆవపిండి రంగు పోగును చుట్టుకుని వెనక్కి మళ్లుతోంది. చేతి వేళ్లలో వేళ్లు జొనిపినట్టు, వరస తర్వాత వరస, చీర పొడవంతా అంతే. పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలు మూడింటితో నేస్తారు. రెండు అంచులకు రెండు, మధ్య నూలుకు ఒకటి. దీన్నే కుప్పడం అంటారు. కొత్త చీరలో నూలు ముడుచుకున్నప్పుడు దెబ్బ తగిలేది ఈ చోటికే. ఈ చీరలో నూలు ముడుచుకోవాల్సినంత ముడుచుకుని, అంచుతో రాజీపడి ఏళ్లు గడిచాయి. నా దగ్గర ఎన్ని ఉతుకులు పడినా అంచు చదునుగానే ఉంది. చేనేత చీర కొత్తగా ఉన్నప్పుడు చూపించని గుణాలను కొన్నాళ్లు కట్టాక చూపిస్తుంది. పాతది కొంటే వాటిని చూసి కొనవచ్చు. ఆఫీసులో అందరికీ ఇదే చెప్పాను. నా మాట విని ముగ్గురు కొన్నారు కూడా.

ఇప్పుడు ఆ మాటను కొంత సవరించుకోవాలి.

2022 సద్దుల బతుకమ్మ నాడు ఈ చీరే కట్టుకున్నాను. బతుకమ్మను దించడానికి చేతులు చాచి వంగానో లేదో, భుజం దగ్గర సన్నగా చప్పుడైంది. కాగితం చింపినట్టు కాదు, ఎండిన ఆకు మీద అడుగు వేసినట్టు. ఇంటికొచ్చి చూస్తే కొంగులో నేరేడు రంగు పట్టు మడత గీత వెంట తిన్నగా, బెత్తెడు పొడవున పగిలింది. చిరగలేదు, పగిలింది. పోగులు రెండు వైపులా బిరుసుగా నిలబడి ఉన్నాయి. జరీ పోగులు మాత్రమే వంతెనలా పట్టుకుని ఉన్నాయి.

వారం పాటు మనసు బాగాలేదు. అమ్మినావిడ దాచిందేమో అన్న అనుమానం కూడా వచ్చింది, అందుకు సిగ్గుపడుతున్నాను. తప్పు చాలావరకు నాదే. కొన్న మూడు నెలలకే కరోనా వచ్చింది. పెళ్లిళ్లు లేవు, పేరంటాలు లేవు. రెండేళ్లు చీర బీరువాలో ఒకే మడతలో, పై చీరల బరువు కింద ఉండిపోయింది. ఆవిడ ఇంట్లోనూ బహుశా అదే మడతలో ఉండి ఉంటుంది. పట్టు ఒకే చోట ఏళ్లకేళ్లు మడత పడి ఉంటే ఆ గీత దగ్గర పోగు బలం పోతుంది. ఉతుకులను తట్టుకున్న చీర మడతకు ఓడిపోయింది. రంగు చూసుకోవడానికి రుమాలు తడిపిన నేను, కొంగును మడత దగ్గర పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడలేదు. చూసి ఉంటే అక్కడ పట్టు పలచబడినట్టు అప్పుడే తెలిసేది.

రఫ్ఫు చేసే ఆయన చూసి, పట్టు సూదిని పట్టుకోవడం లేదని తిరిగి ఇచ్చేశాడు. చివరికి ఒక ఆదివారం రైలెక్కి గద్వాల వెళ్లాను. కృష్ణ మీది వంతెన దాటుతుంటే, పుట్టింటికి తీసుకెళ్తున్నట్టు చీర సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మగ్గం ఉన్న ఒక ఇంట్లో పెద్దాయనకు చూపించాను. ఆయన పగులు వైపు చూడనేలేదు. మొదట అంచు తిరగేసి, కుప్పడం మీద వేలు ఆనించి చివరిదాకా నడిపించాడు. "చేతికి తెలుస్తుందమ్మా, మంచి నేత. నేసినవాడు తొందరపడలేదు" అన్నాడు. తర్వాత పగులు చూసి, మళ్లీ నేయడం కుదరదని, వెనక పలచని మల్లు గుడ్డ వేసి, పోగుల మీద బరువు పడకుండా పెద్ద పెద్ద కుట్లు వేయించుకోమని చెప్పాడు. డబ్బు తీసుకోలేదు. మూడు నెలలకోసారి మడత మార్చమని, జరీకి నాఫ్తలీను ఉండలు తగలనివ్వవద్దని పదేపదే చెప్పాడు. మా వీధి దర్జీ అమ్మాయి ఆయన చెప్పినట్టే వేసింది. మూడేళ్లయింది, నిలబడింది. కొంగును ఒంటి పొరగా జారవిడిచి కట్టడం మానేశాను, చిన్న మడతలు పెట్టి పిన్ను పెడుతున్నాను. మల్లు గుడ్డ వల్ల కొంగు కాస్త బరువెక్కింది. ఆ తేలికదనం పోయిందని బాధ ఉంది.

ఈ చీర తర్వాత నేనూ అమ్మడం మొదలుపెట్టాను. ఇప్పటికి తొమ్మిది చీరలు పెట్టాను, అయిదు పోయాయి. నూలువీ చేనేతవీ పోయాయి. పాలిస్టర్ చీరలు ఎంత మెరుస్తున్నా ఎవరూ అడగలేదు. చివరికి పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వాటిని తీసుకుని ఒక బేసిను ఇచ్చింది. నూలు చీర చినిగితే బొంతలోకి పోతుంది, ఆ తర్వాత ఇల్లు తుడిచే గుడ్డవుతుంది, చివరికి మట్టిలో కలుస్తుంది. పాలిస్టర్‌కు ఆ దారి లేదు. అది బొంతలోనూ జారుతుంది, మట్టిలోనూ మిగిలిపోతుంది. ఇప్పుడు బట్ట కొనేటప్పుడు ముందుగా నాకు వచ్చే ఆలోచన ఇదే, దీనికి చివరి మజిలీ ఎక్కడ అని.

ఆ మీగడ రంగు చీరనూ అమ్మాను. మరక ఫోటోలు నాలుగు పెట్టాను. నల్లగొండ నుంచి ఒకమ్మాయి పిల్లకు లంగా కుట్టించడానికి కొనుక్కుంది, మరక భాగం కత్తిరించేస్తానంది. ఆరు వందలొచ్చాయి.

ఒక సంగతి మాత్రం నన్ను ఇంకా తొలుస్తోంది. అందరం పాతవే కొంటే నడిగడ్డలో, అంటే గద్వాల ప్రాంతంలో, మగ్గం మీద కూర్చున్నవాళ్ల గతి ఏమిటి? గద్వాలలో ఆ పెద్దాయన ఇంటి నుంచి బయటికి వస్తుంటే ఈ ప్రశ్న గట్టిగా తగిలింది. ఉట్టి చేతులతో రాలేకపోయాను. చిన్న బుటాల చీర ఒకటి ఆయన దగ్గరే కొన్నాను, అంచు తడిపి చూసుకునే కొన్నాను. ఆయనేమీ అనుకోలేదు, పైగా రుమాలు ఆయనే ఇచ్చాడు. అప్పటి నుంచి ఏడాదికి మూడు నాలుగు చీరలు కొనే అలవాటు మాని, రెండేళ్లకు ఒకటి నేసినవాళ్ల దగ్గర కొత్తది, మధ్యలో కావాలంటే పాతది అని పెట్టుకున్నాను. ఇదే సరైన లెక్క అనను. నా జీతానికి, నా బీరువాకు సరిపోయింది.

కొనవచ్చా అంటే, నా వరకు మళ్లీ కొంటాను. కానీ నేను ఫ్యాను కింద కూర్చుని పనిచేస్తాను, ఇంటి నుంచి ఆఫీసుకు పది నిమిషాల నడక. రోజూ బస్సులో నిలబడి జడ్చర్ల దాకా వెళ్లే మా సహోద్యోగికి పట్టు కొంగు ఉన్న పాత చీర వద్దనే చెప్పాను. ఆమె అచ్చంగా నూలుతో నేసిన పాత నారాయణపేట చీర కొనుక్కుంది, రోజువారీకి అదే నయమంటోంది. చీరను చేతిలోకి తీసుకుని చూసే వీలు లేకుండా ఫోటో చూసి పట్టుది కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. మడత గీత ఫోటోలో పడదు.

మొన్న వినాయక చవితికి కట్టుకుంటే ఒకావిడ ఈ చీర అమ్ముతారా అని అడిగారు. ఇప్పట్లో అమ్మనని చెప్పాను. ఆ రాత్రి మడత మారుస్తూ, కొంగును ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని, వెనక కుట్టు కనబడేలా ఫోటో తీసి ఫోనులో దాచాను. ఎప్పుడైనా అమ్మకానికి పెడితే ముందు ఆ ఫోటోనే పెడతాను.